పేరు పేరునా

గురవయ్యకు రెండు పేర్లు. పాస్‌పోర్టులో, సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కార్డులో, కంపెనీ హాజరులో ఆయన గురవయ్య. ప్రార్థనకు కూర్చున్న చోట గిద్యోను. ఇదేదో సౌదీకి వచ్చాక భయపడి చేసుకున్న ఏర్పాటు అనుకునేరు, కాదు. జగిత్యాల పక్క పల్లెలో బడికి తీసుకుపోయిన రోజునే ఆయన తండ్రి పంతులుతో, "గురవయ్య అని రాయి సారూ, గిద్యోను అంటే కులం సర్టిఫికెట్ రాదంటున్నరు" అన్నాడు. వాళ్ల వాడలో సగం ఇళ్లకు ఇదే పద్ధతి. సర్కారుకు ఒక పేరు, దేవుడికి ఒక పేరు. ఆ రెండూ ఎదురెదురు పడకుండా చూసుకుంటే బతుకు సాఫీగా పోతుంది. ఎదురుపడితే ఏమవుతుందో చెప్పడానికే నేను ఈ కథ ఎత్తుకున్నాను.

హఫర్ అల్ బాతిన్‌లో ఆయన ఏసీ మెకానిక్. ఊరు దాటి పోతే కువైట్ సరిహద్దు, ఇంకా పోతే ఇరాక్. మధ్యలో మిలిటరీ వాళ్ల క్వార్టర్లు, ఇసుక, కొత్తగా లేస్తున్న బిల్డింగులు. ఎండలు ముదిరాయంటే గురవయ్య ఫోనుకు ఊపిరాడదు. మేడ మీద తలకు తడిగుడ్డ చుట్టుకుని, ఔట్‌డోర్ యూనిట్ పక్కన చతికిలబడి గ్యాస్ పట్టిస్తూ కీర్తనలు పాడుకుంటాడు. ఆ ఫ్యాన్ మోతలో పక్కన నిలబడ్డవాడికి కూడా వినబడదు. ఈ దేశంలో ఆయన గొంతెత్తి పాడుకునే చోటు అదొక్కటే.

శుక్రవారం పొద్దున ఇంద్రజ వాళ్లింట్లో "భోజనం" ఉంటుంది. ఫోన్లో ఆ మాటే వాడాలి. ఇంద్రజ ఏలూరు అమ్మాయి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. భర్త అనురాగ్ సైట్ ఇంజనీరు. వాళ్ల ఫ్లాటుకు ఇద్దరు ముగ్గురు నర్సులు, డ్రైవర్లు, ఒక వంటమనిషి, క్యాంపుల నుంచి వీలు దొరికినవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లెవరూ చెప్పులు గుమ్మం బయట విడవరు. తెలుగువాళ్ల ఇంటి ముందు చెప్పుల గుట్ట కనిపిస్తే లోపల కార్యం ఉందని ఊరంతా చాటినట్టే కదా! అందుకే సంచిలో వేసుకుని లోపలికి తెచ్చుకుంటారు. చప్పట్లుండవు, అరచేతి మీద రెండు వేళ్లతో తడుతూ పెదవుల మధ్యే పాడతారు. అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించడం మన సంఘాలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని మాన్పించడానికి గురవయ్యకు ఏళ్లు పట్టింది. ఒకసారి కొత్తగా చేరిన డ్రైవరొకడు ఒళ్లు మరిచి "హల్లెలూయా" అని కేకేశాడు. గురవయ్య అతని నోటి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండానే ప్రార్థన ముగించాడు.

ఇంట్లో నలుగురు కూర్చుని ప్రార్థించుకుంటే ఎవరూ ఏమీ అనరని కొందరంటారు. ఎవరైనా ఫిర్యాదు చేసేదాకానే ఆ మాట అని ఇంకొందరు. వేరే ఊళ్లో ఇలాగే కూడిక నడిపిన ఒకాయన ఫోను ఉన్నట్టుండి మూగబోయింది. కొన్నాళ్లకు ఆయన తన సొంతూరు కిరాణా కొట్టులో కనిపించాడని, ఏం జరిగిందయ్యా అంటే మాట మార్చాడని కబురొచ్చింది. ఆయనతో కూర్చున్నవాళ్లు ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. గురవయ్యను కుదురుగా ఉండనివ్వనిది ఆ చివరి ముక్కే. తను పోతే పోతాడు, ఊళ్లో కూడా ఏసీలు పాడవుతూనే ఉంటాయి. కానీ ఇంద్రజ నర్సు ఉద్యోగం, అనురాగ్ కొలువు, ఆ డ్రైవర్ల ఇళ్లలో పొయ్యి మీద కుండ, ఇవన్నీ తన నోరు ఎంత గట్టిగా మూసుకుని ఉంటుందన్న దాని మీద ఆధారపడ్డాయని ఆయనకు తెలుసు.

ఆ ఇంట్లో ఎన్ని ప్రార్థనలు జరిగినా ప్రభువు బల్ల మాత్రం జరగలేదు. రొట్టె విరిచి ఇవ్వాలంటే అభిషేకం పొందిన అయ్యగారే ఉండాలి. ఆ మాట పుస్తకంలో చదివింది కాదు, గురవయ్య ఇంట్లో మూడు తరాలుగా నమిలి మింగలేక ఉన్న మాట.

తాత లాజరు మోటబొక్కెనలు కుట్టేవాడు. మిషను వాళ్లు ఆయన్ని ఉపదేశిగా పెట్టుకున్నారు. గోదావరి దాటి అడవి అంచున ఉన్న గూడేలన్నీ కాలినడకన తిరిగి, జ్వరాలు తెచ్చుకుని, కుక్కలతో కరిపించుకుని, మనుషుల్ని కూడగట్టిందంతా లాజరు. పండగకు జీపులో దిగి బాప్తిస్మాలిచ్చి, రొట్టె విరిచి, కోడికూర తిని వెళ్లేది మాత్రం అయ్యగారు. లాజరు పక్కన తుండుగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. నాకూ అభిషేకం ఇప్పించండి అని అడిగితే చదువు లేదన్నారు. సరే, కొడుకును చదివించాడు. ఆ కొడుక్కి చర్చిలో గంట కొట్టే పని ఇచ్చారు. అయ్యగారు రాని ఆదివారాల్లో ప్రసంగం చెప్పనిచ్చేవారు, అంతే. ఆయన పోయినప్పుడు అయ్యగారు వేరే ఊళ్లో పెళ్లిలో ఉండి చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటిదాకా శవం వాకిట్లోనే ఉంది. గురవయ్య తల్లి ముత్యవ్వ ఇప్పటికీ ఆ మాటెత్తితే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. "బతుకంత గంట గొట్టినోనికి ఆయన మట్టికాడ గంట గొట్టెటోడు లేకపాయె" అంటుంది. ఈ ఇంట్లో ఒక్క మగాణ్నైనా ఊరు అయ్యగారూ అని పిలవగా వినిపోవాలని ఆమె కోరిక. ఇందులో తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు.

ఇప్పుడు ఆ కోరిక తీరే దారి దొరికింది. గురవయ్య తమ్ముడు స్వామిదాసు ఊరి చివర రేకుల షెడ్డులో సంఘం నడుపుతున్నాడు. పాత మిషనును వదిలి కొత్త ఫెలోషిప్‌లో చేరాడు. ఈ మధ్య మన వైపు బిషప్పులకు కరువు లేదు, ఆ ఫెలోషిప్‌కూ ఒకాయన ఉన్నాడు. షెడ్డు సంఘం వార్షికోత్సవానికి వచ్చినప్పుడు గురవయ్యకు వీడియో కాల్‌లోనే అభిషేకం చేస్తానని ఆ బిషప్పు ఒప్పుకున్నాడు.

గురవయ్య మొదట వద్దన్నాడు. ఆ శుక్రవారం భోజనాలయ్యాక ఇంద్రజ గిన్నెలు సర్దుతూ, "ప్రభువు బల్ల దగ్గరికెళ్లి ఎన్నేళ్లయిందోనండీ అయ్యగారూ. మా పాప పుట్టాక ఒక్కసారీ తీసుకోలేదు. చచ్చేలోగా తీసుకుంటానో లేదోనని బెంగగా ఉంటదండీ" అంది. ఆ మాటతో మెత్తబడ్డాడు. ఆమె కోసమే ఒప్పుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. మేడ మీద ఏసీ విప్పుతూ ఉత్త గాలికి "రెవరెండ్ గిద్యోను" అని రెండు మూడు సార్లు చెప్పి చూసుకున్నాడు కూడా. మనిషన్నాక ఆ మాత్రం ఉండదా!

తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పాడు. "నా ఫోటో ఒక్కటే. ఊరి పేరు రాయద్దు. ఇక్కడోళ్ల ముచ్చట ఒక్కటి కూడ బయటికి రావద్దు. ఫోన్ల లైవు పెట్టద్దు. ఇన్నవా?"

"ఇన్న గదనే అన్నా. నేనేమన్న చిన్నపోరన్నా?" అన్నాడు స్వామిదాసు.

వారం తిరక్కుండానే క్యాంపులో నాగేందర్ ఫోను పట్టుకొచ్చాడు. నాగేందర్ గురవయ్య గదిలో ఉండే మేస్త్రీ, కోరుట్ల వాడు, హనుమంతుడి భక్తుడు. మంగళవారం మంగళవారం ఒక్కపొద్దుంటాడు. గురవయ్య సంగతి తెలిసినా నోరు విప్పని మనిషి. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"అన్నా, గీ కోటు ఎప్పుడు కుట్టిచ్చినవే?"

అది ఫ్లెక్సీ. జగిత్యాల బస్టాండు పక్కన కట్టారు. ఎవరిదో సూటు వేసుకున్న ఒంటికి గురవయ్య తల అతికించారు. ఒక మూల ఒంటె, ఒక మూల ఖర్జూరపు చెట్టు, పైన చెయ్యెత్తి దీవిస్తూ బిషప్పు. మధ్యలో పెద్ద అక్షరాల్లో "ఎడారిలో సువార్త వీరుడు రెవ. గిద్యోను" అని, దాని పక్కనే బ్రాకెట్లో "గురవయ్య" అని, కింద "హఫర్ అల్ బాతిన్, సౌదీ అరేబియా" అని ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి, సముద్రం దాటి, ఈ క్యాంపులోకి వచ్చి పడింది. గురవయ్యకు నవ్వు రాలేదు. పుట్టినప్పటి నుంచీ విడివిడిగా దాచుకున్న రెండు పేర్లు బస్టాండులో అందరి ముందూ పక్కపక్కన నిలబడ్డాయి.

తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాల్సినన్ని తిట్టాడు. స్వామిదాసుకు తప్పేమిటో అర్థం కాలేదు.

"గిద్యోనంటె ఈడ ఎవనికెరుకనే? గురవయ్యంటెనే గదా గుర్తువడ్తరు! ఊరు రాయకుంటె అంత ఉత్తదే అంటరు. సరే తియ్, పొద్దుగాల దింపిస్త."

ఫ్లెక్సీ దింపాడు. ఫోన్లలో ఉన్నదాన్ని ఎవరు దింపుతారు?

రెండు రోజులకు గౌస్ మొహిద్దీన్ వచ్చాడు. గౌస్ కంపెనీ మందూబ్, అంటే సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగి ఇఖామాలు, వీసాలు చూసే మనిషి. వాళ్లది మెట్‌పల్లి. తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ నీళ్లలా మాట్లాడతాడు. గురవయ్యను పికప్‌లో ఎక్కించుకుని, పెట్రోలు బంకు దాటాక రోడ్డు పక్కన ఆపాడు. ఇంజను ఆపలేదు.

"గురవయ్యన్నా, నీ ఫోటో మనకు వీసాలిచ్చిన కఫీల్ ఆఫీసుల దాక వొచ్చింది. ఎవడు వంపిండో నాకు తెల్వది. ఏం రాసి ఉందని మేనేజరు నన్ను అడిగిండు."

గురవయ్య కిటికీ అద్దం పైకెత్తాడు.

"ఘబ్రానక్కో. వాళ్ల ఊర్ల వాళ్ల గుడి ఫంక్షను, పెద్దమనిషని ఇజ్జత్ ఇచ్చిన్రు, ఇక్కడ ఏం లేదు అని చెప్పిన. ఆయన నమ్మిండు. మళ్లెవడన్న ఇంకేమన్న దెస్తె నా మాట చెల్లది." గౌస్ స్టీరింగ్ మీద వేళ్లు తట్టాడు. "జర సమ్జో అన్నా. నీ ఒక్కని పేరైతె నేను సంభాలిస్త. నీ ఎంబడి ఇంకొకళ్ల పేరు బయటికొచ్చిందనుకో, అది ఒక్కని ముచ్చట గాదు, జమాతు, గుంపు అయితది. అప్పుడు నేను ఉండి కూడ లేనట్టే. నువ్వేం చేస్తున్నవో నేను అడుగుత లేను. నాకు చెప్పకు కూడ."

గురవయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. గౌస్ చెయ్యి విడిపించుకుని గేరు వేశాడు. మంచివాడు భయపడుతుంటే చూడటం చెడ్డవాడి బెదిరింపు కన్నా కష్టంగా ఉంటుంది.

కార్యక్రమం మానేయమని తమ్ముడితో చెప్పాలనే అనుకున్నాడు గురవయ్య. గురువారం సాయంత్రం ఫోన్ చేస్తే ముత్యవ్వ ఎత్తింది. కొత్త చీర కొన్నదట, తెల్లది. గంట కొట్టే తాడు పట్టుకుని ఉన్న భర్త ఫోటోకు చట్రం కట్టించి షెడ్డులో ముందు పెట్టించిందట. ఆ గొంతు విన్నాక మానేయమనే మాట పక్కన పెట్టాడు. తమ్ముడి చేత మాత్రం లైవు పెట్టనని తల మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆడియో రికార్డింగు కూడా వద్దన్నాడు. ఎవరైనా అడిగితే ఇక్కడ సంఘం లేదని చెప్పమన్నాడు. అన్నిటికీ స్వామిదాసు సరే సరే అన్నాడు.

తర్వాత మళ్లీ ముత్యవ్వ ఫోన్ తీసుకుంది. "బిడ్డా, ఈ వారం ఎవలెవలికోసరం మోకరించాలె?"

ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ జ్ఞాపకం గొప్పది. మామ లాజరు ఆమెకు నేర్పిన ప్రార్థన ఒక్కటే. ఊరికే "అందరినీ కాపాడు తండ్రీ" అంటే అది ప్రార్థన కాదు. మనిషి పేరు చెప్పాలి, ఇల్లు చెప్పాలి, కష్టం చెప్పాలి. ఆయన గూడెం గూడెం నడుస్తూ ఇంటింటి పేరూ అలాగే అప్పజెప్పుకుంటూ పోయేవాడట. అందుకే ప్రతి వారం కొడుకు దగ్గర సంగతులన్నీ అడిగి తెలుసుకుంటుంది. తెల్లారకముందే లేచి గోడకానుకుని ఒక్కొక్కరినీ పిలిచి దేవుడికి అప్పగిస్తుంది. ఎడారిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి భార్య అలిగినా మొదట తెలిసేది ఆమెకే.

గురవయ్య ఎప్పట్లాగే చెప్పాడు. ఇంద్రజకు డ్యూటీ మారింది, పై నర్సు వేధిస్తున్నది. అనురాగ్‌కు నడుం నొప్పి. నాగేందర్ భార్య భాగ్యలక్ష్మికి నెలలు నిండాయి, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు, నాగేందర్ తనంతట తానే ప్రార్థన అడిగాడు. ముత్యవ్వ ఊ కొడుతూ విన్నది. తమ్ముడి నోరు కట్టాడు, ఫోను కట్టాడు, ఫ్లెక్సీ దింపించాడు. తల్లికి ఒక్క మాట చెప్పాలని మాత్రం ఆయనకు తట్టలేదు. ప్రార్థనలో ఒక పేరు పలకడమంటే బయటికి చెప్పడమేనని ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరికీ తట్టదు. దేవుడితో మాట్లాడితే దేవుడే వింటాడనుకునే మనుషులు వాళ్లు.

శుక్రవారం భోజనాలయ్యాక కూడా ఎవరూ వెళ్లలేదు. అక్కడ సాయంత్రం, ఇక్కడ మధ్యాహ్నం. పరదాలు దించి, టీవీలో వార్తలు కాస్త గట్టిగా పెట్టి, ఫోను గోడకు చేర్చి నిలబెట్టారు. ఇంద్రజ చేత్తో చేసిన పులియని రొట్టె, గ్లాసుడు ద్రాక్షరసం తెల్లగుడ్డ కింద పెట్టి ఉన్నాయి. అభిషేకం కాగానే గురవయ్య తన చేత్తో మొదటి రొట్టె విరవాలి. నర్సులు తల స్నానం చేసి వచ్చారు. అనురాగ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

తెరలో షెడ్డు నిండా జనం. బిషప్పు గారు నూనెలో వేలు ముంచి స్వామిదాసు పట్టుకున్న ఫోను మీద సిలువ గీశాడు. ఆ వేలు సరిగ్గా కెమెరా మీద పడింది. ఆయన మొహం పులుసులో తేలుతున్నట్టు మసగ్గా కనిపించింది. వంటమనిషి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. గురవయ్య మోకాళ్ల మీద ఉన్నాడు, ఏడుస్తున్నాడు. బిషప్పు "రెవరెండ్ గిద్యోను" అనగానే అక్కడ చప్పట్లు మోగాయి, ఇక్కడ అరచేతుల మీద వేళ్లు మోగాయి. అటు గోల ఎక్కువై గీ గీ మంటుంటే స్వామిదాసు ఇటు నుంచి వచ్చే శబ్దం కట్టేసి, ఫోన్ను స్టాండుకు తగిలించాడు.

"ఇప్పుడు అమ్మగారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తారు" అన్నాడు బిషప్పు.

తెల్లచీరలో ముత్యవ్వ మైకు రెండు చేతులా పట్టుకుంది. మైకు పట్టడం ఆమెకు అదే మొదటిసారి. కళ్లు మూసుకుంది. షెడ్డంతా కళ్లు మూసుకుంది.

"తండ్రీ, నా మామ నడిసి నడిసి సచ్చిండు. నా పెనిమిటి గంట గొట్టి గొట్టి సచ్చిండు. ఇయ్యాల నా బిడ్డను నిలవెట్టినవ్, నీకు దండాలు. ఎడారిల నా కొడుక్కు నువ్విచ్చిన మందను పేరు పేరున నీ చేతులవెడ్తున్న. హఫర్ల ఇంద్రజమ్మ, ఆస్పత్రిల నర్సు, ఆమెను గోసవెట్టె పెద్ద నర్సు మనసు మార్చు తండ్రీ. ఆమె పెనిమిటి అనురాగు నడుమునొప్పి దియ్యి. ఆల్ల ఇంట్లనె గద నాయినా నీ పాట వాడుతున్నరు, ఆస్పత్రెనుక బేకరి మీద మూడో అంతస్తు, ఆ గడప కాయి తండ్రీ…"

మొదట గదిలో అందరికీ కళ్లు చెమర్చాయి. తనను ఎన్నడూ చూడని ముసలమ్మ తన పేరు పట్టుకుని దేవుణ్ని అడుగుతుంటే ఎవరికి మాత్రం కడుపు నిండదు? ఇంద్రజ రెండు చేతులూ ఎత్తి "ఆమేన్, ఆమేన్" అని గొణుగుతున్నది. ఆమె ఒళ్లో ఫోను వెలిగింది. ఏలూరు నుంచి చెల్లెలి మెసేజ్. ఇంద్రజ చదివింది, మళ్లీ చదివింది.

"అయ్యగారూ," అంది, "ఇది యూట్యూబులో వస్తందటండీ. మీ ఇంటి అడ్రస్సు చెప్తున్నారేంటక్కా అంటంది మా చెల్లి."

స్వామిదాసు మాట తప్పలేదు. తన ఫోన్లో లైవు పెట్టలేదు. బిషప్పు గారికి ఏలూరు దాకా చూసేవాళ్లున్న సొంత చానల్ ఉంది, ఆయన ఎక్కడికి వెళ్లినా వీడియో తీసేవాడు వెంట ఉంటాడు. ఆ సంగతి చెప్పాల్సిన విషయమని ఎవరూ అనుకోలేదు.

గురవయ్య లేచి ఫోను మీద పడ్డాడు. "అవ్వా! ఆపే! స్వామీ, మైకు గుంజుకో! అవ్వా!"

ఆ హల్లెలూయా తర్వాత ఆ గదిలో గొంతెత్తిన మొదటి మనిషి ఆయనే అయ్యాడు. అటువైపు శబ్దం కట్టేసి ఉంది. ఒక్కరికీ వినబడలేదు. ప్రార్థనలో కళ్లు తెరవకూడదు కనుక ఒక్కరూ తెర వైపు చూడలేదు. కళ్లు తెరిచి ఉన్నవాడు వీడియో తీసేవాడొక్కడే. వాడు భక్తిగా ముత్యవ్వ మొహం దగ్గరికి ఇంకో అడుగు వేశాడు.

"నాగేందరు, కంపిని క్యాంపుల నా కొడుకు అర్రలనె ఉంటడు. నిన్నెరుగనోడె గని నిన్నడిగిండు. ఆయన పెండ్లాం భాగ్యలక్ష్మి కడుపుల బిడ్డను సక్కజెయ్యి తండ్రీ…"

కోరుట్లలో ఈ మాట నాగేందర్ వాళ్లు వింటే ఏమనుకుంటారో, క్యాంపులో వింటే ఏమవుతుందో, గురవయ్యకు ఆలోచన తెగలేదు. ఆయన అరుస్తూనే ఉన్నాడు. అనురాగ్ వచ్చి ఆయన నోరు మూశాడు. పై అంతస్తులో అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు ఆగిపోయింది. అందరూ కదలకుండా కప్పు వైపు చూశారు. తెరలో ముత్యవ్వ డ్రైవర్ల దగ్గరికి వచ్చింది, వాళ్ల ఊళ్లు చెప్పింది, వంటమనిషిని చెప్పింది, ఆమె పని చేసే ఇల్లు చెప్పింది. ఒక్క పేరూ తడబడలేదు.

ఆమె ఆమేన్ అనేసరికి గదిలో సగం మంది లేరు. మిగిలినవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని ఒక్కొక్కరే మెట్లు దిగారు. ఆ హల్లెలూయా డ్రైవరు మాత్రం తలుపు దగ్గర ఆగి ఏదో అనబోయి, మానుకుని వెళ్లిపోయాడు.

"బేకరీ మీద మూడో అంతస్తని ఆవిడకెవరు చెప్పారండీ?" అన్నాడు అనురాగ్. కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు.

"నేనే" అన్నాడు గురవయ్య. "ప్రార్థన కోసం చెప్పిన."

ఇంద్రజ లోపలి గదిలో పాప బట్టలు బ్యాగులో పెడుతున్నది. ఎక్కడికి వెళ్లాలో ఆమెకే తెలియదు. తెల్లగుడ్డ కింద రొట్టె అలాగే ఉంది. రొట్టె విరిచే హక్కు ఇప్పుడు గురవయ్యకు వచ్చింది. ఇంద్రజా, బిడ్డా, వచ్చి తీసుకో అని పిలవడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.

మెట్లు దిగుతుంటే గౌస్ మొహిద్దీన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏం పని జేసినవన్నా? మీ అమ్మ వీడియో అప్పుడే గ్రూపులల్ల తిరుగుతుంది. ఇంత చెప్పిన గద నీకు. మేనేజరు పిలుస్తుండు, నేను పోతున్న. నువ్వు ఇప్పుడు ఎవరికీ ఫోన్ చెయ్యకు. ఆ ఇంట్ల ఉంటె జల్ది బయటపడు."

బేకరీ ముందు మెట్టు మీద కూర్చుండిపోయాడు. వీధిలో తెల్లకారు ఒకటి నెమ్మదిగా వచ్చి ఆగింది. రొట్టెలు కొనడానికో, ఇంకెందుకో. అప్పుడే ఫోన్ మోగింది. తల్లి.

ఎత్తాడు. అటు డప్పులు మోగుతున్నాయి, పిల్లలు కేకలు పెడుతున్నారు. ముత్యవ్వ ఆయాసపడుతూ నవ్వుతున్నది. అంత సంతోషంగా ఆమె నవ్వగా విని ఎన్నేళ్లయిందో.

"అయ్యగారూ!" అంది కొడుకును. "చూసినవా బిడ్డా? మైకు వట్టుకున్న గదా, శేతులు వణికినయ్. అయినా ఒక్క పేరు ఇడువలేదు. అందర్ని చెప్పిన. ఇల్లుతోని సహ చెప్పిన. మంచిగ చెప్పిననా?"

కారు తలుపు తెరుచుకుంది. ఇద్దరు దిగి, తలెత్తి మూడో అంతస్తు కిటికీ వైపు చూశారు.

"మంచిగ చెప్పినవవ్వా" అన్నాడు గురవయ్య.